పాత కార్ల ఇంజిన్లలో క్రాంక్‌కేస్ వెంటిలేషన్

ఇంజిన్ అడుగుభాగంలో, క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గదిని క్రాంక్‌కేస్ అంటారు. పైనుంచి జారివచ్చే దహన వాయువులు, నీటి ఆవిరి, పెట్రోలు ఆవిరి ఈ గదిలో చేరుతుంటాయి. వాటిని ఎప్పటికప్పుడు బయటికి పంపి, ఆ చోటికి శుభ్రమైన గాలిని రానిచ్చే ఏర్పాటే క్రాంక్‌కేస్ వెంటిలేషన్. గ్యారేజీల్లో దీన్ని క్లుప్తంగా బ్రీథర్ అంటారు. ఒక గొట్టం, ఒక జాలీ, ఒక మూత, కొన్ని ఇంజిన్లలో చిన్న వాల్వు ఒకటి: భాగాలు ఇంతే. అయినా ఆయిల్ ఆయుష్షు, బేరింగుల ఆరోగ్యం, ఆయిల్ సీళ్ల పనితనం, స్లో స్పీడు నిలకడ దీనిపై ఆధారపడి ఉంటాయి. పాత కార్లలో చాలావరకు ఆయిల్ లీకులకు ప్యాకింగులను, సీళ్లను తప్పుపడతారు గానీ, మూసుకుపోయిన బ్రీథర్‌ను చూసేవారు తక్కువ.

అవసరం

పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య ఉన్న సందును రింగులు మూసి ఉంచుతాయి. అయితే రింగు రెండు చివరల నడుమ కొద్దిపాటి గ్యాప్ తప్పదు. ఆ గ్యాప్ గుండా, రింగు కూర్చునే గాడి గుండా, కంప్రెషన్‌లోనూ పవర్ స్ట్రోక్‌లోనూ కొంత వాయువు కిందికి జారుతుంది. దీనికి బ్లో-బై అని పేరు. అది మితిమీరినప్పుడు మెకానిక్కులు ‘బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది’ అంటారు. బాగున్న ఇంజిన్‌లో కూడా సిలిండర్లలోకి వెళ్లే వాయువులో సుమారు ఒక శాతం ఇలా కిందికి చేరుతుంది. అందులో ఎక్కువ భాగం కాలని పెట్రోలు, గాలి మిశ్రమమే. మిగిలింది కాలిన వాయువు, నీటి ఆవిరి.

ఈ నీటి సంగతి చాలామందికి తట్టదు. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. లెక్క ప్రకారం ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. దాదాపు అంతా సైలెన్సర్ గుండా ఆవిరిగా పోతుంది. బ్లో-బైతో కిందికి దిగిన కొద్దిపాటి ఆవిరి మాత్రం చల్లని ఇనుప గోడల మీద నీటిబొట్లుగా మారుతుంది. తిరిగే క్రాంక్ ఆ నీటినీ ఆయిల్‌నూ కలిపి చిలకడంతో, ఫిల్లర్ మూత అడుగున లేత పసుపు రంగులో వెన్నలాంటి పదార్థం పేరుకుంటుంది. అది మసితో, పాడైన ఆయిల్‌తో కలిసి ముదిరితే నల్లటి మడ్డి. ఇదే స్లడ్జ్.

వెంటిలేషన్ సరిగా లేకపోతే నష్టం మూడు విధాలు. మొదటిది పీడనం: బయటికి దారి లేని వాయువు ఆయిల్‌ను సీళ్ల గుండా, ప్యాకింగుల గుండా బయటికి నెడుతుంది. రెండోది మడ్డి: అది చాంబర్‌లోని, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని, ఆయిల్ పంపు జాలీని మూసేసి, బేరింగులకు ఆయిల్ అందకుండా చేస్తుంది. మూడోది ఆమ్లం: దహనంలో పుట్టే నైట్రోజన్, గంధకం ఆక్సైడ్లు నీటితో కలిసి ఆమ్లాలుగా మారి బేరింగుల లోహాన్ని తినేస్తాయి. వీటికి తోడు, ఆయిల్‌లో కలిసే పెట్రోలు దాన్ని పలచబరుస్తుంది.

సిలిండర్ల సంఖ్యను బట్టి కూడా ఈ సమస్య మారుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు పిస్టన్లు పైకి వెళ్లేటప్పుడు రెండు కిందికి వస్తాయి కాబట్టి కింది గది ఘనపరిమాణం పెద్దగా మారదు. అక్కడి పీడనం ప్రధానంగా బ్లో-బై వల్లనే పుడుతుంది. ఒకే సిలిండర్ ఉన్న మోటారు సైకిళ్లలో పిస్టన్ కదలికకే గది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అందుకే వాటికి గాలిని బయటికి మాత్రమే వదిలే ఒకవైపు వాల్వు పెడతారు.

చరిత్ర

తొలినాటి కార్లలో ఆయిల్ పోసే గొట్టమే శ్వాసమార్గం కూడా. ఫోర్డ్ మోడల్ ఏ ఇంజిన్ పక్కన నిలువుగా కనిపించే ఫిల్లర్ గొట్టం దీనికి మంచి ఉదాహరణ. వేగాలు, లోడు పెరిగేకొద్దీ గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు నుంచి పోయేలా ప్రవాహం కావలసివచ్చింది. అలా వచ్చిందే రోడ్ డ్రాఫ్ట్ ట్యూబ్. 1960 దశకం మొదటి సంవత్సరాల వరకు చాలా కార్లలో ఈ పద్ధతే నడిచింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక వాహనాలు లోతైన నీళ్లలో దిగి వాగులు దాటాల్సి వచ్చేది. కిందికి తెరుచుకున్న గొట్టం ఉంటే నీరు ఇంజిన్‌లోకి వచ్చేస్తుంది. కాబట్టి క్రాంక్‌కేస్‌ను మూసి, అక్కడి వాయువును ఇంజిన్ తానే పీల్చుకునే ఏర్పాటు చేశారు. విల్లిస్ జీపు ఇంజిన్‌లో ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు కలిపిన వెంటిలేషన్ వాల్వు ఉండేది. తరువాతి కాలంలో మహీంద్రా సంస్థ మన దేశంలో తయారుచేసింది ఆ వంశానికి చెందిన జీపులనే.

పౌర వాహనాల్లోకి ఈ ఆలోచనను తెచ్చింది లాస్ ఏంజెలెస్ పొగమంచు. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన డచ్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్, కాలని ఇంధన ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరపడం వల్లే ఆ పొగమంచు పుడుతోందని 1950 దశకం మొదట్లో నిరూపించాడు. కారు వదిలే హైడ్రోకార్బన్లలో చెప్పుకోదగ్గ వాటా సైలెన్సర్ నుంచి కాక క్రాంక్‌కేస్ గొట్టం నుంచి వస్తోందని ఆ దశకం చివరికి తేలింది. 1961లో కాలిఫోర్నియా పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్‌ను, అంటే పీసీవీని తప్పనిసరి చేస్తూ నిర్ణయించింది. అక్కడ అమ్మే కొత్త అమెరికన్ కార్లకు 1963లో అది అమల్లోకి వచ్చింది. మోటారు వాహన కాలుష్య నియంత్రణ కోసం అమెరికాలో చట్టబద్ధంగా అమలైన తొలి సాంకేతిక పరికరం ఇదే.

ప్రధాన పద్ధతులు

రోడ్ డ్రాఫ్ట్ ట్యూబ్: క్రాంక్‌కేస్ నుంచి కారు అడుగుకు దిగే గొట్టం ఇది. దాని చివర వెనకవైపు తెరుచుకునేలా ఏటవాలుగా కోసి ఉంటుంది. కారు ముందుకు పోతుంటే కింద వీచే గాలి ఆ చివర దగ్గర పీడనాన్ని తగ్గించి లోపలి వాయువును లాగుతుంది. ఆ మేరకు తాజా గాలి జాలీ ఉన్న ఫిల్లర్ మూత గుండా లోపలికి వస్తుంది. గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగం దాటితే గానీ ఈ లాగుడు చాలినంత ఉండదు. ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు వాయువు తన ఒత్తిడితో తాను బయటపడవలసిందే. ఊళ్లో మాత్రమే తిరిగే పాత కారులో మడ్డి త్వరగా చేరడానికి ఇదొక ముఖ్య కారణం.

ఎయిర్ క్లీనర్‌కు కలిపే బ్రీథర్: ట్యాపెట్ కవర్ నుంచి ఒక గొట్టం ఎయిర్ క్లీనర్‌లోకి వెళ్తుంది. అక్కడి స్వల్ప పీల్పుతో ఆవిరి కార్బ్యురేటర్ గుండా సిలిండర్లలోకి చేరి కాలిపోతుంది. వాల్వు ఉండదు. స్లో స్పీడులో పీల్పు చాలా తక్కువ. అందుకే చాలా ఇంజిన్లలో దీనికి తోడుగా డ్రాఫ్ట్ ట్యూబ్ కూడా ఉంటుంది.

పీసీవీ వాల్వు: ఇందులో స్ప్రింగుకు ఆనుకున్న చిన్న ప్లంజర్ ఉంటుంది. ఇంజిన్ స్లో స్పీడులో ఉన్నప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ బలంగా, బాగున్న ఇంజిన్‌లో 18 అంగుళాల పాదరస మట్టం దరిదాపుల్లో ఉంటుంది. ఆ లాగుడుకు ప్లంజర్ దారిని సన్నం చేస్తుంది. అప్పుడు బ్లో-బై కూడా తక్కువే కాబట్టి అంత దారి చాలు. యాక్సిలరేటర్ తొక్కితే వ్యాక్యూమ్ తగ్గుతుంది, స్ప్రింగు ప్లంజర్‌ను నెట్టి దారిని వెడల్పు చేస్తుంది. కార్బ్యురేటర్‌లోకి మంట వెనక్కి తన్నితే ప్లంజర్ పూర్తిగా మూసుకుని, ఆ మంట క్రాంక్‌కేస్‌లోని పెట్రోలు ఆవిరికి అంటకుండా కాపాడుతుంది. తొలి పీసీవీ ఏర్పాట్లలో తాజా గాలి రంధ్రాలున్న ఫిల్లర్ మూత గుండా వచ్చేది. ఫుల్ లోడులో వాల్వు లాగలేని వాయువు ఆ మూత నుంచే బయటికి పొంగేది. తరువాతి సంవృత పద్ధతిలో సాధారణంగా మూతను మూసేసి, తాజా గాలి గొట్టాన్ని ఎయిర్ క్లీనర్‌కు కలిపారు. అందువల్ల మిగులు వాయువు కూడా తిరిగి ఇంజిన్‌లోకే పోతుంది.

బీఎంసీ బి-సిరీస్: ఒక ఉదాహరణ

ఒకే ఇంజిన్ కుటుంబంలో ఈ పరిణామమంతా చూడాలంటే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ సరైనది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఇది 1489 సీసీ ఇంజిన్. ఇంజిన్ పక్కన పుష్‌రాడ్ల గదిని మూసే రెండు రేకు కవర్లలో ముందుదాని నుంచి డ్రాఫ్ట్ ట్యూబ్ కిందికి దిగుతుంది. పైన ట్యాపెట్ కవర్ నుంచి మరో గొట్టం ఎయిర్ క్లీనర్‌కు వెళ్తుంది.

1962లో మొదలైన ఎంజీబీ 1798 సీసీ ఇంజిన్‌కు 1964లో సంవృత వెంటిలేషన్ వచ్చింది. ముందు సైడ్ కవర్ మీద ఆయిల్ తుంపరలను వేరుచేసే జాలీ డబ్బా, అక్కడి నుంచి మానిఫోల్డ్ మీద గుండ్రటి స్మిత్స్ వాల్వుకు గొట్టం, తాజా గాలికి ఫిల్టరు ఉన్న ఫిల్లర్ మూత ఇందులోని భాగాలు. స్మిత్స్ వాల్వులో ప్లంజర్‌కు బదులు రబ్బరు డయాఫ్రం, స్ప్రింగు, మీటరింగ్ సూది ఉంటాయి. 1960 దశకం చివరికి ఈ వాల్వునూ తీసేశారు. ఎస్‌యూ కార్బ్యురేటర్‌లో పిస్టన్‌కూ థ్రాటిల్ బిళ్లకూ మధ్య పీడనం అన్ని వేగాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. బ్రీథర్ గొట్టాలను అక్కడికి కలపడంతో కదిలే భాగమే లేని వెంటిలేషన్ సాధ్యమైంది.

ఈ కుటుంబంతో మన దేశానికి నేరుగా సంబంధం ఉంది. 1950 దశకం చివర ఉత్తరపారాలో తయారీ మొదలై 2014లో ఆగిన హిందుస్థాన్ అంబాసిడర్‌ను దశాబ్దాల పాటు నడిపింది ఈ 1489 సీసీ ఇంజినే. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ప్రభుత్వ కార్యాలయాల ముందు, రైల్వే స్టేషన్ టాక్సీ స్టాండుల్లో వరుసగా నిలిచిన తెల్ల అంబాసిడర్లను చూసిన తరానికి దాని చప్పుడు పరిచితం.

మూడు మెయిన్ బేరింగుల పాత బి-సిరీస్ ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర రబ్బరు సీలు లేదు. షాఫ్ట్ మీద చెక్కిన మర గాడి తిరుగుతూ ఆయిల్‌ను తిరిగి చాంబర్‌లోకి నెడుతుంది. లోపల పీడనం పెరగనంత కాలమే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. బ్రీథర్ మూసుకుంటే ఆయిల్ ఆ గాడిని దాటి క్లచ్ గదిలోకి కారుతుంది. ఇంజిన్ దింపి చూసినా మార్చడానికి అక్కడ సీలు ఉండదు. ఇలాంటి ఇంజిన్‌లో వెనక లీకుకు వైద్యం మొదలుపెట్టవలసింది బ్రీథర్ దగ్గరే.

లోపాల లక్షణాలు

ఆయిల్ ఒకేసారి అనేక చోట్ల నుంచి చెమర్చడం, ఆయిల్ మట్టం చూసే గేజీ (డిప్‌స్టిక్) దానంతటదే పైకి లేవడం, ఫిల్లర్ మూత తీస్తే పొగ కొట్టడం పీడనం పెరిగిందని చెప్పే గుర్తులు. ఎయిర్ క్లీనర్ లోపల ఆయిల్ తడి ఉంటే బ్లో-బై ఎక్కువైందనో, ఆయిల్‌ను వేరుచేసే జాలీ మూసుకుందనో అనుకోవాలి. మూత అడుగున పసుపు మీగడ కనిపిస్తే ముందు కారు వాడకాన్ని పరిశీలించాలి. చిన్న దూరాలే తిరుగుతుంటే అది సహజం. దాంతోపాటు రేడియేటర్‌లో నీరు తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. పీసీవీ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోతే, లేదా స్మిత్స్ వాల్వు డయాఫ్రం చినిగితే, లెక్కలో లేని గాలి మానిఫోల్డ్‌లోకి చొరబడి స్లో స్పీడు నిలవదు, మిస్సింగ్ వస్తుంది, కొన్నిసార్లు ఆయిల్ కాలిన నీలిపొగ కూడా వస్తుంది.

పరీక్షలు

సంవృత పద్ధతి ఉన్న ఇంజిన్‌కు అతి సులభమైన పరీక్ష పలుచని కాగితం. ఇంజిన్ వేడెక్కాక స్లో స్పీడులో ఉంచి, ఫిల్లర్ మూత తీసి, ఆ నోటి మీద కాగితం పెట్టాలి. అది మెల్లగా అతుక్కుంటే లోపల పీల్పు ఉన్నట్టు, ఎగిరిపోతే పీడనం ఉన్నట్టు. డ్రాఫ్ట్ ట్యూబ్ ఇంజిన్‌కు ఈ పరీక్ష వర్తించదు. కారు కదలనిదే దానికి పీల్పు ఉండదు.

స్మిత్స్ వాల్వు ఉన్న ఎంజీబీలో మూత తీసిన వెంటనే స్లో స్పీడు నిమిషానికి సుమారు 200 చుట్లు పెరగాలి. ఆ తేడా చెవికే తెలుస్తుంది. తేడా లేకపోతే వాల్వు విప్పి శుభ్రం చేయాలి. ప్లంజర్ రకం పీసీవీ వాల్వును గొట్టంతో సహా ఊడదీసి, ఇంజిన్ నడుస్తుండగా నోటికి వేలు అడ్డుపెడితే గట్టి లాగుడు తెలియాలి. ఇంజిన్ ఆపాక వాల్వును తీసి ఊపితే లోపల ప్లంజర్ కటకటమనాలి. చప్పుడు రాకపోతే బిగుసుకున్నట్టే.

బ్రీథర్ శుభ్రంగా ఉన్నా పీడనం తగ్గకపోతే లోపం రింగుల్లో ఉంది. ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడాలి. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే రీడింగ్ పెరగడం రింగుల అరుగుదలకు గుర్తు, పెరగకపోతే వాల్వులను చూడాలి. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి లీకును వినే పరీక్ష ఇంకా స్పష్టంగా చెబుతుంది. బుస ఆయిల్ ఫిల్లర్ దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బ్యురేటర్‌లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు. ఇంజిన్ బోరుకొచ్చిందని తేలితే ఏ బ్రీథర్ సవరణా దాన్ని కాపాడలేదు, రీబోరింగే మార్గం.

నిర్వహణ

ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్లర్ మూత చూడాలి. తీగ జాలీ ఉన్న మూతను కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్‌లో ముంచి, కారనిచ్చి బిగించాలి. జాలీకి అంటిన ఆ ఆయిల్ పొరే దుమ్మును పట్టుకుంటుంది. ఎంజీబీ మూతలో ఫిల్టరు విడిగా రాదు కాబట్టి సుమారు 12,000 మైళ్లకు ఒకసారి, అంటే 19,000 కిలోమీటర్లకు, మూతనే మార్చాలి.

డ్రాఫ్ట్ ట్యూబ్‌ను ఏడాదికి ఒకసారి విప్పి, తీగ బ్రష్షుతో లోపలి మడ్డి తీయాలి. గొట్టం పైచివర, సైడ్ కవర్ లోపల ఉండే జాలీని మరచిపోకూడదు. చాలా ఇంజిన్లలో మూసుకుపోయేది అక్కడే. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్ హెడ్ ముందుభాగంలోని తీగ జాలీకి, పాత వోల్వోల ఫ్లేమ్ ట్రాప్‌కు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఈ జాలీలు ఆయిల్‌ను ఆపడంతోపాటు మంటను కూడా ఆపుతాయి కాబట్టి అడ్డంగా ఉన్నాయని తీసిపారేయకూడదు.

స్మిత్స్ వాల్వులో లోహ భాగాలను ద్రావకంతో కడగాలి, ఎమరీ కాగితం వాడకూడదు. గట్టిపడిన మడ్డి ఉంటే ముందు మరిగే నీటిలో ఉంచితే వదులవుతుంది. రబ్బరు డయాఫ్రంకు పెట్రోలు తగలనీయకుండా సబ్బునీళ్లతోగాని స్పిరిట్‌తోగాని తుడవాలి. ప్లంజర్ రకం వాల్వు ధర తక్కువ, అనుమానం వస్తే మార్చడమే మేలు. అయితే ఆ ఇంజిన్‌కు చెప్పిన నంబరు వాల్వే కావాలి. బయటికి ఒకేలా కనిపించినా లోపలి దారి, స్ప్రింగు బలం వేరుగా ఉంటాయి.

గొట్టాలు ఆయిల్‌కు, పెట్రోలుకు తట్టుకునే రబ్బరువై ఉండాలి. రేడియేటర్ గొట్టం ముక్క పెడితే ఆయిల్ తగిలి ఉబ్బి, మెత్తబడి, వ్యాక్యూమ్‌కు లోపలికి నొక్కుకుపోతుంది.

లోపల మడ్డి దట్టంగా పేరుకున్న ఇంజిన్‌లో ఫ్లషింగ్ ఆయిల్ పోసి నడపడం ప్రమాదం. ఊడిన మడ్డి ముద్దలు పంపు జాలీని మూసేస్తాయి. చాంబర్ దింపి, ట్యాపెట్ కవర్, సైడ్ కవర్లు విప్పి చేత్తో తీయడమే సురక్షితం. ఈ పనులన్నిటికీ గాలి ఆడే చోటు కావాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

మార్పులు, పొరపాట్లు

పొగ వస్తోందని బ్రీథర్ గొట్టానికి గుడ్డ కుక్కడం, బిరడా కొట్టడం అన్నిటికంటే చెడ్డ పని. దాని ఫలితం వారాల్లోనే సీళ్ల దగ్గర తెలుస్తుంది. రంధ్రాలున్న మూత ఉండవలసిన చోట మూసిన మూత, మూసినది ఉండవలసిన చోట రంధ్రాలున్నది బిగించడం తరచుగా కనిపించే మరో పొరపాటు. మొదటి సందర్భంలో తాజా గాలి ఆగిపోతుంది, రెండో సందర్భంలో దుమ్ము గాలి లోపలికి పోతుంది. ఆయిల్‌ను గుర్తుకు మించి పోసినా క్రాంక్ దాన్ని చిమ్మి బ్రీథర్‌లోకి నెడుతుంది.

డ్రాఫ్ట్ ట్యూబ్ ఇంజిన్‌కు పీసీవీ అమర్చాలనుకునేవారు నాలుగు విషయాలు చూసుకోవాలి. వాల్వు ఇంజిన్ సైజుకు తగినదై ఉండాలి. అది కలిసే చోటు అన్ని సిలిండర్లకూ సమానంగా పంచేలా కార్బ్యురేటర్ కిందే ఉండాలి. లోపలికి వచ్చే గాలికి ఫిల్టరు ఉండాలి. చివరగా మిశ్రమాన్ని, స్లో స్పీడును మళ్లీ సర్దాలి. చారిత్రక విలువ ఉన్న కారులో ఈ మార్పు కోసం ఇనుముకు రంధ్రం వేయకూడదు. అసలు భాగాలను భద్రపరచి, ఎప్పుడైనా తిరిగి బిగించే వీలు ఉంచాలి.

వాడకం పాత్ర

ఏ వెంటిలేషనైనా తన పని చేయాలంటే ఆయిల్ వేడెక్కాలి. రేడియేటర్ నీరు వేడెక్కిన చాలాసేపటికి గానీ ఆయిల్ ఆ స్థాయికి రాదు. షెడ్డులో ఉన్న పాత కారును వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచి ఆపేయడం మేలు చేస్తుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అది నీటిని, పెట్రోలును ఆయిల్‌లో చేర్చి, ఆవిరి కాకముందే ఆపేయడమే. దానికంటే నెలకు రెండుసార్లు 25, 30 కిలోమీటర్లు రోడ్డు మీద నడపడం ఎంతో మంచిది. తక్కువగా తిరిగే కారుకు ఆయిల్‌ను కిలోమీటర్లు చూసి కాక, కనీసం ఏడాదికోసారి మార్చాలి.

పాత ఇంజిన్లకు విడిభాగాలు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. బ్రీథర్ శుభ్రతకు మాత్రం కిరోసిన్, బ్రష్షు, ఒక గంట సమయం చాలు. ఆయిల్ లీకు కనబడగానే ఇంజిన్ దింపించే ముందు, ఈ కార్లను కాపాడుకునే ప్రతి యజమానీ, ప్రతి మెకానిక్కూ మొదట బ్రీథర్ విప్పి చూడాలి.